పాత భాషల్లోకి ఆబ్జెక్టులు: చిక్కంతా సమానం గుర్తు దగ్గరే

బాపట్ల, తెనాలి, రేపల్లె వైపు నుంచి ఇంజినీరింగ్ చదివినవాళ్లు ప్రోగ్రామింగ్‌ను దాదాపు ఒకే వరసలో నేర్చుకున్నారు. మొదట సి, తర్వాత సి ప్లస్ ప్లస్, ఆపైన జావా. 1990ల నుంచి చాలా ఏళ్లపాటు కాలేజీ ల్యాబుల్లో కనిపించింది బోర్లాండ్ కంపెనీ టర్బో సి ప్లస్ ప్లస్ నీలం తెరే. స్టూవర్టుపురంలో రైలెక్కి బాపట్ల వచ్చి చదువుకున్న విద్యార్థికైనా, అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని కోర్సు చేసిన కుర్రాడికైనా ఇంటర్వ్యూలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మూల సూత్రాలేమిటి? ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్హెరిటెన్స్, పాలిమార్ఫిజం అని గడగడా అప్పజెప్పేస్తారు.

ఆ జవాబు తప్పు కాదు. కానీ వాళ్లు ల్యాబులో వాడిన భాష ఆబ్జెక్టుల కోసమే పుట్టింది కాదు. అప్పటికే వాడుకలో స్థిరపడిపోయిన సి కి ఆబ్జెక్టులను తర్వాత చేర్చారు. అలా చేర్పులు జరిగిన భాషలు ఇంకా ఎన్నో ఉన్నాయి: పాస్కల్, లిస్ప్, అడా, పెర్ల్, పీహెచ్‌పీ, ఫోర్ట్రాన్, చివరికి కోబాల్ కూడా. అరవై ఏళ్ల ఈ ప్రయత్నాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇది. ఇన్హెరిటెన్స్‌ను ఎలా ప్రవేశపెట్టాలన్నది అసలు చిక్కు కాదు. పాత భాషలో సమానం గుర్తుకు అప్పటికే ఒక అర్థం ఉంటుంది. ఆబ్జెక్టులు వచ్చాక కూడా ఆ అర్థం చెల్లుతుందా లేదా అన్నది తేల్చుకున్న భాషల్లో చేర్పు కుదురుకుంది. తేల్చుకోని చోట ఆ భాషలో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తెనాలి జంక్షన్‌లో రైళ్ల రాకపోకలను కంప్యూటర్ మీద నడిపి చూసే ప్రోగ్రామ్ రాస్తున్నాం. ఒక దారి బాపట్ల, స్టూవర్టుపురం, చీరాల మీదుగా చెన్నై వైపు పోతుంది, ఇంకొకటి రేపల్లెకు. ‘రైలు’ అని ఒక క్లాస్ రాశాం. అందులో నంబరు, వేగం ఉన్నాయి. దాన్నుంచి ‘గూడ్స్ రైలు’ అని ఇంకో క్లాస్ పుట్టించి, వ్యాగన్ల సంఖ్య అదనంగా పెట్టాం. ఇప్పుడు ‘రైలు’ రకానికి చెందిన వేరియబుల్‌లోకి ఒక గూడ్స్ రైలును సమానం గుర్తుతో పంపితే ఏం జరగాలి? దాని నకలు తయారవ్వాలా? రెండు పేర్లూ ఒకే రైలును సూచించాలా? లేక కంపైలర్ ఒప్పుకోకూడదా? నకలు తీయడమంటే పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ తీసి ఇవ్వడం. ఒకే రైలును సూచించడమంటే సర్వే నంబరు చెప్పి పంపడం. జిరాక్స్ మీద ఏం దిద్దినా పొలం మారదు, సర్వే నంబరు పట్టుకుని వెళ్లినవాడు గట్టు జరిపితే పొలమే మారుతుంది.

ఈ ప్రశ్నను మొదటి చేర్పు చేసినవాళ్లే గుర్తించారు. నార్వేలో, ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో క్రిస్టెన్ నీగార్డ్, ఓలే యోహాన్ దాల్ కలిసి ఆల్గాల్ 60 మీద సిములా కట్టారు. వాళ్ల అవసరం మన తెనాలి ఉదాహరణ లాంటిదే. క్యూలు, వాహనాలు, సర్వీసు కౌంటర్లు ఉండే వ్యవస్థలను కంప్యూటర్ మీద నడిపి చూడాలి. ఆల్గాల్‌లో ఒక బ్లాక్ పని ముగియగానే అందులోని మామూలు వేరియబుల్స్ పోతాయి. పని ముగిశాక కూడా ఆ బ్లాక్‌ను మెమొరీలో బతకనిస్తే ఏమవుతుందన్న ఆలోచన నుంచే ఆబ్జెక్ట్ పుట్టింది. 1967 నాటి సిములాలో క్లాస్, సబ్‌క్లాస్, వర్చువల్ ప్రొసీజర్ అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది వాళ్లు రెండు వేర్వేరు గుర్తులు పెట్టడం. అంకె లాంటి విలువను కాపీ చేయాలంటే కోలన్ పక్కన సమానం, ఆబ్జెక్టును సూచించాలంటే కోలన్ పక్కన అడ్డగీత. పోల్చడానికీ అంతే: విలువలకు ఒక సమానం, ఒకే ఆబ్జెక్టా కాదా అని అడగడానికి రెండు సమానాలు. ప్రోగ్రామ్ చదివేవాడికి ప్రతి వరుసలోనూ జరుగుతున్నది కాపీయా, చిరునామాయా అన్నది కంటికే తెలుస్తుంది. దాల్, నీగార్డ్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది, 2002లో ఇద్దరూ కొన్ని వారాల తేడాతో కన్నుమూశారు. వాళ్లు నేర్పినవాటిలో క్లాస్‌ను ప్రపంచం అందిపుచ్చుకుంది. రెండు గుర్తుల జాగ్రత్తను మాత్రం తర్వాత వచ్చినవాళ్లలో ఎక్కువమంది వదిలేశారు.

బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసేటప్పుడు సిములాలోనే ఒక సిమ్యులేటర్ రాశాడు. రాయడం హాయిగా సాగింది కానీ నడవడం మరీ నెమ్మదైంది. దాంతో మొత్తాన్నీ బీసీపీఎల్ అనే చిన్న భాషలో తిరగరాయాల్సి వచ్చింది. వేగం దొరికింది, రాయడంలో హాయి పోయింది. 1979లో బెల్ ల్యాబ్స్‌లో చేరాక సిములా క్లాసులను సి వేగంతో కలపాలనే పట్టుదలతో ‘సి విత్ క్లాసెస్’ మొదలుపెట్టాడు. 1983లో దానికి సి ప్లస్ ప్లస్ అని పేరొచ్చింది, వర్చువల్ ఫంక్షన్లు చేరాయి, 1985లో మార్కెట్లోకి వచ్చింది. సీఫ్రంట్ అనే అనువాదకం సి ప్లస్ ప్లస్‌ను సి గా మార్చేది. ఆ సి ని మామూలు సి కంపైలర్ కంపైల్ చేసేది. కాబట్టి సి ఉన్న యంత్రాల మీదికి కొత్త భాషను తీసుకుపోవడం తేలికైంది. వాడుకోని సదుపాయానికి ప్రోగ్రామ్ మూల్యం చెల్లించకూడదన్నది స్ట్రౌస్ట్రప్ నియమం.

ఆ నియమం వల్లే సమానం గుర్తుకు సి లో ఉన్న అర్థాన్ని అతను మార్చలేదు. సి లో ఒక స్ట్రక్ట్‌ను ఇంకోదానిలో పెడితే లోపలున్నదంతా కాపీ అవుతుంది. క్లాస్‌కూ అదే వర్తించింది. ఫలితంగా మన గూడ్స్ రైలును ‘రైలు’ వేరియబుల్‌లో పెడితే కంపైలర్ ఏమీ అనదు. నంబరు, వేగం కాపీ అవుతాయి, వ్యాగన్ల సంఖ్య తెగిపోతుంది. అది గూడ్స్ రైలన్న గుర్తింపు కూడా పోతుంది. వర్చువల్ ఫంక్షన్ పిలిస్తే గూడ్స్ రైలు ఫంక్షన్ కాకుండా మామూలు రైలు ఫంక్షన్ నడుస్తుంది. ప్రోగ్రామర్లు దీన్ని స్లైసింగ్ అంటారు. పాలిమార్ఫిజం కావాలంటే పాయింటర్ ద్వారానో రిఫరెన్స్ ద్వారానో పోవాలి. ఆ పాయింటర్లున్న ఆబ్జెక్టును కాపీ చేస్తే రెండు నకళ్లూ ఒకే మెమొరీని పట్టుకుని, రెండూ దాన్ని విడిపించబోతాయి, ప్రోగ్రామ్ కూలిపోతుంది. కాపీ కన్‌స్ట్రక్టర్, అసైన్‌మెంట్ ఆపరేటర్, డిస్ట్రక్టర్ అనే మూడింటినీ కలిపి రాయాలన్న నియమం అందుకే పుట్టింది. 2011 ప్రమాణంలో మూవ్ సెమాంటిక్స్, కాపీని పూర్తిగా నిషేధించే సదుపాయం వచ్చాయి. ఒక్క గుర్తు అర్థాన్ని సరిదిద్దుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

అయినా స్ట్రౌస్ట్రప్ నిర్ణయం పొరపాటని నేననను. వెయ్యి రైళ్లను మెమొరీలో ఒకదాని పక్కన ఒకటి వరసగా పేర్చే వీలు ఆ కాపీ పద్ధతితోనే వస్తుంది. ఆ వీలు లేకపోతే సి ప్రోగ్రామర్లు ఇటువైపు తొంగి చూసేవాళ్లు కారు. నా ఫిర్యాదు మన పాఠాల మీద. స్లైసింగ్‌ను చాలా పుస్తకాలు ఎక్కడో చివరి అధ్యాయాల్లో ముక్తసరిగా ముగిస్తాయి, ల్యాబ్ రికార్డులో దాని ప్రస్తావన ఉండదు. సి నుంచి వచ్చిన విద్యార్థి మొట్టమొదట తేల్చుకోవాల్సింది అదే.

ఇదే సి కి ఇదే కాలంలో ఇంకో చేర్పు జరిగింది. బ్రాడ్ కాక్స్, టామ్ లవ్ 1980ల మొదట్లో స్మాల్‌టాక్ చూసి ముచ్చటపడి ఆబ్జెక్టివ్-సి తయారుచేశారు. వాళ్లు సి ని ముట్టుకోకుండా దాని పక్కన వేరే గది కట్టినట్టు పనిచేశారు. కొత్త కీవర్డుల ముందు ‘ఎట్’ గుర్తు, మెసేజ్ పంపాలంటే చదరపు బ్రాకెట్లు. ఆబ్జెక్టులన్నీ పాయింటర్ల ద్వారానే. సమానం గుర్తు పెడితే పాయింటర్ కాపీ అవుతుంది, ఆబ్జెక్ట్ కాదు, కాబట్టి స్లైసింగ్ అన్న మాటే రాదు. కోడ్ చూడగానే ఏది పాత సి, ఏది కొత్తదో తెలిసిపోతుంది. 1988లో స్టీవ్ జాబ్స్ కంపెనీ నెక్స్ట్ దీని లైసెన్సు తీసుకుంది. నెక్స్ట్ ఆపిల్ చేతికి వచ్చాక ఐఫోన్ యాప్‌లను చాలాకాలం ఎక్కువగా ఇందులోనే రాశారు. నకలు కాకుండా చిరునామా పంచడాన్ని ఎంచుకున్నందుకు వేగంలో కొంత వదులుకున్నారు, స్పష్టత దక్కించుకున్నారు.

కొత్త కీవర్డుల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ కాదు. భాషలో ‘క్లాస్’ అనే కీవర్డు చేర్చిన రోజున, ఆ పేరుతో వేరియబుల్ వాడుకున్న పాత ప్రోగ్రాములన్నీ కంపైల్ కావడం మానేస్తాయి. ‘న్యూ’, ‘డిలీట్’, ‘దిస్’ అనే పేర్లు వాడుకున్న సి ప్రోగ్రాములు సి ప్లస్ ప్లస్‌లో అలాగే ఆగిపోయాయి. జావాస్క్రిప్ట్ ప్రమాణం రాసినవాళ్లు 1997లోనే, అప్పటికి భాషలో క్లాసులు లేకపోయినా, ఆ పదాన్ని ముందుచూపుతో రిజర్వ్ చేసి పెట్టారు. అది పనికొచ్చింది 2015లో. ఫోర్ట్రాన్‌కు ఈ బాధే లేదు, ఆ భాషలో రిజర్వ్ చేసిన పదమంటూ ఏదీ లేదు.

సమానం గుర్తు దగ్గర ఒక భాష మనసు మార్చుకున్న కథలు రెండున్నాయి. మొదటిది పాస్కల్‌ది. ఆపిల్ కంపెనీలో లారీ టెస్లర్ బృందం, పాస్కల్ సృష్టికర్త నిక్లాస్ వీర్త్ సలహాతో, 1985లో ఆబ్జెక్ట్ పాస్కల్ రూపొందించింది. అందులో ఆబ్జెక్టులన్నీ చిరునామాలే. 1989లో బోర్లాండ్ టర్బో పాస్కల్ 5.5 తెచ్చినప్పుడు సి ప్లస్ ప్లస్ దారి పట్టి, ఆబ్జెక్టును రికార్డులాగా కాపీ అయ్యేలా పెట్టింది. 1995లో అదే కంపెనీ డెల్ఫై తెచ్చేనాటికి మళ్లీ చిరునామా పద్ధతికి వచ్చింది. పాత ప్రోగ్రాములు చెడిపోకూడదు కాబట్టి ‘ఆబ్జెక్ట్’ అనే పాత పదాన్ని అలాగే ఉంచి, కొత్త పద్ధతికి ‘క్లాస్’ అనే పదం తీసుకుంది. ఒకే భాషలో రెండు రకాల ఆబ్జెక్టులు పక్కపక్కనే మిగిలాయి. ఈ పని చేసిన ఆండర్స్ హెల్స్‌బర్గ్ తర్వాత మైక్రోసాఫ్ట్‌లో సి షార్ప్ రూపొందించినప్పుడు ఆ తేడాను మొదటి రోజు నుంచే భాషలో పెట్టాడు: స్ట్రక్ట్ అయితే కాపీ, క్లాస్ అయితే చిరునామా. తప్పుల నుంచి నేర్చుకున్న చక్కని పరిష్కారమని నేను దీన్నే చూపిస్తాను.

రెండోది పీహెచ్‌పీది, ఇంకా కష్టంగా నడిచింది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో వెబ్ పేజీల కోసం విడుదల చేసిన ఈ చిన్న సాధనానికి 1998 నాటి మూడో రూపంలో క్లాసులు వచ్చాయి. ఆ క్లాసులు నిజానికి అరేల మీద వేసిన పైపూత. అరేలు కాపీ అవుతాయి కాబట్టి ఆబ్జెక్టులూ కాపీ అయ్యాయి. ఫంక్షన్‌కు ఒక ఆబ్జెక్టును ఇచ్చి అందులో ఏదైనా మారిస్తే, బయటి ఆబ్జెక్ట్ మారదు. మార్పు ఎందుకు నిలవలేదో తెలియక రాసేవాడు తికమకపడేవాడు. దాంతో ప్రతిచోటా సమానం పక్కన యాంపర్‌శాండ్ గుర్తు తగిలించడం అలవాటైంది. 2004 జూలైలో వచ్చిన పీహెచ్‌పీ 5 ధైర్యం చేసి అర్థాన్నే మార్చింది. సమానం పెడితే ఇకనుంచి అదే ఆబ్జెక్ట్, కాపీ కావాలంటే ‘క్లోన్’ అని అడగాలి. పాత ప్రవర్తన కావాల్సినవాళ్లకు ఒక సెట్టింగు కొంతకాలం ఉంచి తర్వాత తీసేశారు. కొత్త ఆబ్జెక్ట్ సృష్టించే చోట ఆ యాంపర్‌శాండ్ రాయడం 2015 నాటి పీహెచ్‌పీ 7లో పూర్తిగా తప్పైంది. అంటే ఒక భాష తన మనసు మార్చుకుని, ఆ మార్పును ముగించడానికి పదకొండేళ్లు పట్టింది. అయినా ఆ మార్పు లేకపోతే ఈ రోజు పీహెచ్‌పీలో పెద్ద వ్యవస్థలు రాయగలిగేవాళ్లు కాదనే నా నమ్మకం.

గుర్తు ఏదైనా, అసైన్‌మెంట్ ముందునుంచే చిరునామాలు పంచే భాషల్లో ఈ సమస్య తలెత్తలేదు. లిస్ప్ అందుకు మంచి ఉదాహరణ. ఎమ్ఐటీలో ఫ్లేవర్స్, జిరాక్స్‌లో లూప్స్ వంటి ప్రయోగాలు జరిగాక, వాటి సారమంతా కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ సిస్టమ్‌గా 1994 ప్రమాణంలో చేరింది. అందులో మెథడ్ క్లాస్ లోపల ఉండదు, జెనెరిక్ ఫంక్షన్ అనే పేరుతో బయట ఉంటుంది. ఏ మెథడ్ నడవాలో ఒక్క ఆబ్జెక్టును కాక, అన్ని ఆర్గుమెంట్లనూ చూసి తేలుస్తుంది. లిస్ప్ వాళ్లు ఎప్పటినుంచో ఫంక్షన్ పేరు ముందు రాసి పిలుస్తారు. ఆ అలవాటు మారకుండానే ఆబ్జెక్టులు వచ్చి కలిశాయి. భాష స్వభావానికి ఇంతగా ఒదిగిన చేర్పును నేను ఇంకొకటి చూడలేదు. లిస్ప్ లాంటి భాషల్లో ఇదెందుకు సులువో సిద్ధాంతపరంగా వివరించినవాళ్లలో ఉదయ్ రెడ్డి ఒకరు. 1988లో లిస్ప్ సమావేశంలో ప్రచురించిన ‘ఆబ్జెక్ట్స్ యాజ్ క్లోజర్స్’ అనే వ్యాసంలో ఆయన, దాచిపెట్టిన వేరియబుల్స్‌ను తమలో తాము పంచుకునే ఫంక్షన్ల కట్టనే ఆబ్జెక్టుగా చూడొచ్చని చూపించారు. అలా వేరియబుల్స్‌ను తమతో పట్టి ఉంచుకునే ఫంక్షన్లు, అంటే క్లోజర్లు ఉన్న భాషకు ఆబ్జెక్టులు సగం వచ్చేసినట్టే. 2015కు ముందు జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు ప్రైవేట్ డేటా దాచుకోవడానికి చేసింది సరిగ్గా ఇదే.

పెర్ల్ 5 1994లో వచ్చినప్పుడు రిఫరెన్సులూ ఆబ్జెక్టులూ జతగా వచ్చాయి. ఏ రిఫరెన్సునైనా ‘బ్లెస్’ అనే ఫంక్షన్‌తో ఒక ప్యాకేజీకి కట్టేస్తే అది ఆబ్జెక్ట్ అయిపోతుంది. ఒక్క ఫంక్షన్‌తో పని ముగించడం గొప్ప పొదుపు. కానీ అంతకుమించి భాష ఏమీ ఇవ్వకపోవడంతో తలా ఒక పద్ధతి కట్టుకున్నారు. ‘క్లాస్’ అనే కీవర్డు ప్రయోగాత్మకంగా భాషలోకి వచ్చింది 2023 నాటి 5.38 రూపంలో. పైథాన్‌కు క్లాసులు మొదటినుంచీ ఉన్నా, అంకెలు, జాబితాల వంటి సొంత రకాలు ఆ క్లాసుల లెక్కలోకి వచ్చేవి కావు. 2001లో 2.2 రూపం ఆ గోడ కూల్చింది, 2008లో పైథాన్ 3 పాత క్లాసులను తీసేసింది.

ప్రమాదాలకు చోటివ్వకూడని రంగాల కోసం పుట్టిన అడాలో తీరు వేరు. అమెరికా రక్షణ శాఖ చేయించిన ఈ భాషకు టకర్ టాఫ్ట్ నాయకత్వంలో 1995లో ఆబ్జెక్టులు వచ్చాయి. మన గూడ్స్ రైలును మామూలు రైలులోకి ఊరికే పంపితే కంపైలర్ ఒప్పుకోదు. ‘దీన్ని రైలుగా మార్చి పంపుతున్నాను’ అని ప్రోగ్రామర్ రాతపూర్వకంగా చెప్పాలి. తెగిపోయేది ఉంటే తెలిసి తెగాలన్నది వాళ్ల పద్ధతి. 2003 ఫోర్ట్రాన్ కూడా ఇలాంటి కట్టుబాటే పెట్టింది: ఏ రకమైనా కావచ్చన్న వేరియబుల్‌ను పాయింటర్‌గానో, అవసరానికి మెమొరీ కేటాయించుకునేదిగానో, ఫంక్షన్ ఆర్గుమెంటుగానో మాత్రమే ప్రకటించాలి. 1957లో పుట్టిన భాష ఇంత నిదానంగా ఆలోచించి అడుగు వేయడం చూస్తే గౌరవం కలుగుతుంది. వాతావరణ లెక్కల వంటి పనుల్లో ఫోర్ట్రాన్ నేటికీ వాడుకలో ఉంది, కానీ అక్కడి కోడ్‌లో ఎక్కువ భాగం అరేలు, సబ్‌రొటీన్లే.

నా వాదనకు లొంగని భాషలు కూడా ఉన్నాయి, వాటిని దాటేయడం న్యాయం కాదు. 1996లో వచ్చిన ఆబ్జెక్టివ్ క్యామల్ ఆబ్జెక్ట్ విధానం సిద్ధాంతపరంగా చాలా అందమైనది. అయినా ఆ భాష వాడేవాళ్లలో ఎక్కువమంది దాన్ని ముట్టుకోరు. మాడ్యూళ్లు, ఫంక్షన్లతోనే వాళ్ల అవసరాలు తీరిపోతున్నాయి. కోబాల్‌ది ఇంకో కథ, అది మన తెలుగువాళ్లకు దగ్గరిది. 1990ల చివర్లో 2000 సంవత్సరం తేదీ సమస్యను సరిదిద్దడానికి అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాళ్లలో చాలామంది కోబాల్ నేర్చుకునే విమానం ఎక్కారు. వాళ్లు చక్కదిద్దిన బ్యాంకు, బీమా ప్రోగ్రాములు రికార్డులూ పేరాగ్రాఫులతో నడిచేవి. ఆ హడావుడి ముగిశాక 2002 ప్రమాణంలో కోబాల్‌కు క్లాసులొచ్చాయి. ఐబీఎమ్ కంపైలర్‌లో ఆ సదుపాయం ప్రధానంగా జావాతో మాట్లాడుకోవడానికి ఉపయోగపడుతుంది. నడుస్తున్న లెక్కను ఆబ్జెక్టులుగా మార్చి రాస్తే బ్యాంకుకు ఒరిగేదేమీ లేదు. సమానం గుర్తును ఎంత చక్కగా నిర్వచించినా, అవసరం లేని చోట చేర్పు నిలవదు.

లినక్స్ కెర్నల్ అసలు ఏమీ చేర్చుకోకుండానే పనిచేస్తోంది. ప్రతి ఫైల్ వ్యవస్థా ఫంక్షన్ పాయింటర్లున్న ఒక స్ట్రక్ట్ నింపి ఇస్తుంది. చదవాలంటే ఏ ఫంక్షన్, రాయాలంటే ఏది అన్నది ఆ పట్టికే చెప్తుంది. సి ప్లస్ ప్లస్ కంపైలర్ తెరవెనుక తయారుచేసే వర్చువల్ పట్టికను అక్కడ మనుషులే చేత్తో రాస్తున్నారు. మా ల్యాబుల్లో వర్చువల్ ఫంక్షన్ పాఠానికి ముందు ఈ పట్టికను ఒక్కసారి సి లో రాయిస్తే, ఆ తర్వాత బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదని పిల్లలకు చెప్పిచూసిన అనుభవంతో చెప్పగలను.

ఇప్పుడు ఇదే ప్రశ్న తిరగబడి వచ్చింది. సి ప్లస్ ప్లస్ రూపురేఖలు తీసుకుని 1995లో బయటికొచ్చిన జావా, కాపీల గొడవ వద్దనుకుని ఆబ్జెక్టులన్నిటినీ చిరునామాల మీదే నిలబెట్టింది. స్లైసింగ్ పోయింది. బదులుగా, పది లక్షల రైలు స్థానాలను దాచుకోవాలంటే పది లక్షల చిన్న ఆబ్జెక్టులు మెమొరీలో చెల్లాచెదురుగా పడి ఉంటాయి, ఒక్కోదాని కోసం ప్రాసెసర్ వెతుక్కుంటూ పోవాలి. అందుకే 2014లో వల్హాలా ప్రాజెక్టు మొదలుపెట్టి, గుర్తింపు లేని, విలువ మాత్రమే ఉన్న క్లాసులను జావాలోకి తెచ్చే పనిలో పడ్డారు. అక్కడ కూడా ముందుగా తేల్చుకోవాల్సి వచ్చింది రెండు సమానం గుర్తుల అర్థమే. మామూలు ఆబ్జెక్టుల మధ్య అది ‘రెండూ ఒకటేనా’ అని చిరునామా చూస్తుంది. కొత్త విలువ ఆబ్జెక్టుల మధ్య మాత్రం లోపలి ఫీల్డులన్నిటినీ పోల్చి చూడాలని ఆ ప్రతిపాదన నిర్ణయించింది.